నాలుగో రియాక్టర్ వైరు

సేటు పోయాడన్న సంగతి నాకు కంపెనీ బస్సులో తెలిసింది. పొద్దున ఏడుంబావు. బస్సు కిష్టారెడ్డిపేట దాటి పటాన్‌చెరు మీదికి వస్తోంది. మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన పాత ఐడీ కార్డు ఫొటో పెట్టి, కింద 'గుండెపోటు' అని ఒక్క మాట రాశారు. ఆ కింద వరసగా దండాలు, పూలు. ఈ మధ్యే చేరిన కెమిస్ట్ ఒకాయన 'ఈయనెవరు?' అని అడిగాడు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి జవాబిచ్చాడు: 'గదే, ఆయుధపూజ నాడు నాలుగో రియాక్టర్ వైరు పీకిండు చూడు, ఆ పెద్దాయన.' అడిగినవాడు కూడా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే షెడ్డులో పనిచేసిన మనిషికి చివరికి మిగిలింది ఈ ఒక్క వాక్యమా అనిపించింది. ఇన్‌ఛార్జిని తిడుతూ నాలుగు ముక్కలు టైప్ చేశాను కూడా. పంపబోయి ఆగాను. తిట్టే హక్కు నాకెక్కడిది? ఆ వైరు సేటు పీకలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇవాళ్టితో నేనొక్కదాన్నే అయ్యాను.

సేటు అన్నది ఆయన పేరు కాదు. వాళ్ళ నాన్నకు సంగారెడ్డి పాత గంజ్‌లో ధాన్యం దుకాణం ఉండేది. దుకాణం అన్నలకు పోయింది, ఈయన ఫ్యాక్టరీలో మీటర్లూ సెన్సార్లూ చూసే ఉద్యోగంలో చేరాడు. మాలాగే నెల జీతానికి పనిచేసేవాడు, మాలాగే క్యాంటీన్ లైన్లో నిలబడేవాడు. అయినా షాపు మీద కూర్చునే ఇంటివాడని తెలిసి ఎవరో సేటు అన్నారు, అది అతుక్కుపోయింది. జీఎం కూడా అలాగే పిలిచేవాడు. నేను మాత్రం సార్ అనేదాన్ని.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టర్. నోట్లో ఎప్పుడూ వక్కపొడి. కంప్యూటర్ మీద రెండే వేళ్ళతో టైప్ చేసేవాడు, కానీ ఆ రెండు వేళ్ళూ తడబడేవి కావు. రాసిన ప్రతి స్క్రిప్టునూ, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రామునూ, కాగితాల మీద అచ్చు తీసి, బస్తాలు కుట్టే దబ్బనంతో, సుతిలి తాడుతో పుస్తకంలా కుట్టేవాడు. ఇంజనీరింగ్ చదివి వచ్చినదాన్ని కదా, మొదటిసారి చూసినప్పుడు నవ్వు ఆపుకోవడానికి బాత్రూమ్ దాకా వెళ్ళి వచ్చాను.

ప్రోగ్రామింగ్ ఆయనకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకొమ్మని ఎవరూ చెప్పలేదు. మందుల ముడిసరుకు వండే షెడ్డు మాది. ఎనిమిది రియాక్టర్లు, అంటే మూతలున్న పెద్ద పెద్ద ఉక్కు గుండిగలు. వాటి పక్కన కంపెనీ ఒక కంప్యూటర్ పెట్టి మరిచిపోయిందట. సేటు హైదరాబాద్ వెళ్ళి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్ళు చదివాడు. తర్వాత ఆ షెడ్డు ఆయన స్క్రిప్టుల మీదే నడిచింది. రియాక్టర్లలో వేడి ఎంతుందో అరనిమిషానికోసారి చదివేది ఒకటి, వేడి హద్దు దాటితే హారన్ కొట్టేది ఒకటి, డ్రమ్ముల మీద అతికించే లేబుళ్ళు వేసేది ఒకటి. లోపల పేర్లన్నీ గంజ్ పేర్లే. బరువుకు తరాజు, సరుకుకు బస్తా, హారన్ మోగాల్సిన హద్దుకు హుషార్.

ఆయనకు ఒక ప్రశ్న ఉండేది. మనిషి గుర్తొస్తే ముందు ఆ ప్రశ్నే వినిపిస్తుంది నాకు. చేరిన మొదటి వారం, మూడో రియాక్టర్ ఎంతుంది బిడ్డా అని అడిగాడు.

"యాభై రెండు సార్."

"ఎవలు చెప్పిండ్రు?"

"స్క్రీన్ మీద ఉంది సార్."

"స్క్రీన్‌కు ఎవలు చెప్పిండ్రు?"

"సెన్సార్ సార్."

"సెన్సార్ సచ్చి ఉంటే?"

నాకు కోపం వచ్చింది. ఇంద్రేశంలో పొలం పనులు చేసి నన్ను చదివించిన మా అమ్మ కూడా నన్ను ఇంతగా పరీక్షించలేదు. ఆయన నన్ను రియాక్టర్ దగ్గరికి తీసుకుపోయి, దాని మెడ దగ్గర బిగించిన గడియారం లాంటి డయల్ చూపించాడు. దానికి కరెంటు లేదు, వైరు లేదు. ముల్లు యాభై రెండు దగ్గరే ఉంది. "ఇగ ఇప్పుడు యాభై రెండు" అన్నాడు. సరుకు ఎండిందని రైతు చెబితే వాళ్ళ నాన్న నమ్మకుండా బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేవాడట. ఆ మాట చెప్పి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు, ఎంత లోతుకో నాకు తెలియాలని.

పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు ఆయన చేసే పని ఒకటుంది. ఎనిమిది రియాక్టర్ల వరసలో మొదటిదాని దగ్గర నిలబడి "లాభం" అనేవాడు. గంజ్‌లో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. అలా అని, సెన్సార్ వైరు పీకేవాడు. తల పక్కకు వంచి వినేవాడు. హారన్ చెవులు పగిలేలా మోగేది. వైరు మళ్ళీ పెట్టేవాడు. "రెండు." పీకేవాడు. మోగేది. ఆరు తర్వాత ఏడు అనకుండా "ఆరున్నొక్కటి" అనేవాడు. రాత్రి షిఫ్ట్ చేసి ఇంటికి పోయేవాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని తిట్టుకునేవాళ్ళు. ఒరిస్సా నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకాయన మొదటి రియాక్టర్ పేరే లాభం అనుకుని ఏడాది పాటు లాగ్‌బుక్కులో అలాగే రాశాడు. సేటు దాన్ని దిద్దలేదు.

వానాకాలం వస్తే హారన్ ఊరికే మోగేది. వైర్ల గొట్టాల్లోకి తేమ వెళ్ళేది, ఏ రియాక్టర్‌లోనూ ఏమీ అయ్యేది కాదు, అయినా మోగేది. ఆపరేటర్లు లేచి పరుగెత్తి, చూసి, తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు. మేనేజర్ ఒకసారి నా ముందే సేటును పట్టుకున్నాడు. "సేటు, ఇది బంద్ చెయ్యవయ్యా. అందరు పరేషాన్ అయితుండ్రు."

"వైరు తడిస్తే లోపల వేడి ఎంతుందో దానికి తెల్వది సార్. తెల్వనప్పుడు ఒర్లాలె. ఒర్లనియ్యి."

ఆ మాట నేను విన్నాను. మొండి ముసలాయన అనుకున్నాను. ఇవాళ ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ రోజు నా మొహం మీదున్న నవ్వే నాకు గుర్తొస్తోంది.

ఆయన రిటైరైన ఏడాదే వర్షన్ మార్చాల్సి వచ్చింది. ఆయన రాసినదంతా పాత పైథాన్‌లో, రెండో వర్షన్‌లో ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళే చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. మా సరుకు కొనే కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చి, ఇంకా ఇదేంటి అని రిపోర్టులో ఎర్ర గీత పెట్టారు. మేనేజర్ నాకు మూడు వారాలు ఇచ్చాడు. అన్నీ మూడో వర్షన్‌కు మార్చాలి.

మొదటి వారం హాయిగా గడిచింది. పాతదాంట్లో తెరమీద ఏదైనా రాయమంటే ఊరికే రాసేది, కొత్తదానికి చుట్టూ బ్రాకెట్లు కావాలి. అవి పెట్టుకుంటూ పోయాను. పాతదాంట్లో ఏడును రెండుతో భాగిస్తే మూడు వచ్చేది, మిగిలిన సగాన్ని మింగేసేది. సేటు లేబుళ్ళ లెక్క దాని మీదే ఆధారపడి ఉంది. కొత్తది మూడున్నర అంటుంది. మర్నాడు ప్యాకింగ్ సెక్షన్ అక్క ఒకామె లేబుల్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "మేడం, మూడున్నర డ్రమ్ములంట. సగం డ్రమ్ము ఎట్ల కొయ్యాలె?" అందరూ నవ్వారు, నేనూ నవ్వి సరిచేశాను. అలాంటి తప్పులతో భయం లేదు. అవి ఎదురుగా వచ్చి నిలబడతాయి, లేబుల్ చదివిన ఎవరికైనా కనబడతాయి.

రెండో వారంలో హారన్ స్క్రిప్టు దగ్గరికి వచ్చాను. సెన్సార్ డబ్బా అరనిమిషానికోసారి ఒక అంకె పంపుతుంది. వైరు ఊడినా తడిసినా అంకె బదులు నాలుగు గీతలు పంపుతుంది. స్క్రిప్టు అడిగేది ఒకటే ప్రశ్న, వచ్చింది హద్దుకన్నా, అంటే తొంభై కన్నా, ఎక్కువా అని. ఎక్కువైతే హారన్. నాలుగు గీతలు తొంభై కన్నా ఎక్కువా అని మనల్ని అడిగితే ఇదేం ప్రశ్న అంటాం. పాత పైథాన్ అలా అనేది కాదు. అక్షరమైనా గీతయినా సరే, ఏ అంకెకన్నా అది పెద్దదే అని తలూపేది. కాబట్టి గీతలు వస్తే హారన్ మోగేది. కొత్త పైథాన్ ఒప్పుకోదు. అంకెనూ గీతలనూ పోల్చలేనని చెప్పి స్క్రిప్టునే ఆపేస్తుంది.

ఆపేయడమే నాకు కనబడింది. పోల్చే ఆ వాక్యం పైన సేటు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాసి పెట్టాడు, చెయ్యి పెట్టొద్దు అని. కానీ ఆయన అలా పదకొండు చోట్ల రాశాడు. లేబుల్ అంచు ఎంతుండాలో చెప్పే వాక్యం పైన కూడా అదే ఉంది. పదకొండింటిలో ఏది ప్రాణం మీదిదో, ఏది అంచు సంగతో నాకెలా తెలుస్తుంది? అలా అని నన్ను నేను సమర్థించుకుంటూ ఉంటాను. నిజం చెప్పాలంటే ఫోన్ చేసి అడిగితే తెలిసేది. ఆయన నంబరు నా దగ్గరుంది. అడగడం నామోషీ అనిపించింది.

నేను రెండు వాక్యాలు రాశాను. వచ్చింది అంకె కాకపోతే దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్ళు. అంతే. స్క్రిప్టు ఆగకుండా పరుగెత్తింది. పాత రికార్డులు తెచ్చి పాతదానితో కొత్తదానిని పోల్చి చూశాను, గీతలున్న వరసలు మాత్రం తీసేసి. వాటిని చెత్త అనుకున్నాను. అన్నీ సరిపోయాయి. పొద్దున వైరు పీకితే మోగే హారన్ ఆ సెన్సార్ డబ్బాలోనే ఉందని అన్నాళ్ళూ నేను అనుకున్నాను. అది స్క్రిప్టులోంచి వస్తోందన్న ఆలోచనే రాలేదు. వైర్లు పీకి చూసే పని సేటుతోనే పోయింది. షిఫ్ట్ కాగితంలో దానికో గడి ఉంది, అందులో టిక్ మాత్రం రోజూ పడేది.

ఆ వానాకాలం హారన్ ఒక్కసారి కూడా ఊరికే మోగలేదు. ఆపరేటర్లు నాకు క్యాంటీన్లో జిలేబీ తెప్పించారు. "మేడం మన బాధ తీర్చింది" అన్నారు. మేనేజర్ మీటింగులో నా పేరు చెప్పాడు. నేను పొంగిపోయాను.

దసరాకు ఆయుధపూజ మా ఫ్యాక్టరీలో పెద్దగా చేస్తారు. రిటైరైనవాళ్ళను కూడా పిలుస్తారు. సేటు తెల్లచొక్కా వేసుకుని సంగారెడ్డి నుంచి పదిన్నరకల్లా వచ్చాడు. అన్ని మిషన్లకూ పసుపు కుంకుమ, బంతిపూలు. నాలుగో రియాక్టర్‌లో మధ్యలో ఆపలేని సరుకు నడుస్తోంది, దానికోసం ఇద్దరు ఆపరేటర్లు మాత్రం డ్యూటీలో ఉన్నారు. మిగతా నలభైమందిమీ షెడ్డు అవతలి కొసన పంతులు చుట్టూ నిలబడ్డాం.

మంత్రాల మధ్యలోనే సేటు మెల్లగా రియాక్టర్ల వైపు కదిలాడు. నేను నవ్వుకుని వెనకే వెళ్ళాను. మొదటిదాని దగ్గర ఆగి, బంతిపూల దండ పక్కకు జరిపి, "లాభం" అన్నాడు. వైరు పీకాడు. తల వంచి వినడానికి నిలబడ్డాడు.

ఏమీ మోగలేదు.

"హారన్ ఖరాబైందేమో సార్" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమన్న మార్చినవా బిడ్డా?"

"వర్షన్ మార్చిన సార్. గీతలు వస్తే స్క్రిప్టు ఆగిపోతుండె, అందుకని గవి వదిలేయమని రాసిన."

ఆయన ఇంకేమీ అడగలేదు. అరవై దాటిన మనిషి, పరుగు అందుకున్నాడు. రెండోదాని డయల్ చూశాడు, మూడోదాని డయల్ చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. నేనూ చూశాను. డయల్ ముల్లు తొంభై దాటి వణుకుతోంది. వైరు సాకెట్లోంచి ఊడి వేలాడుతోంది. రోజూ అదిరే రియాక్టర్ కదా, అదురుకు ఎప్పుడో దానంతటదే జారిపోయింది. ఎదురుగా స్క్రీన్ మీద మాత్రం ప్రశాంతంగా యాభై నాలుగు. వైరు ఊడకముందు వచ్చిన చివరి అంకె అది. తర్వాత వచ్చిన గీతలన్నిటినీ నేను వదిలేయమన్నాను.

"బైటికి ఉరుకుండ్రి! పూజ బంద్ చెయ్యిండ్రి, అందరు బైటికి!" ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఒరిస్సా ఆపరేటర్ "చాచా, ఆప్ భీ భాగో" అని చెయ్యి పట్టుకుని లాగాడు. సేటు విడిపించుకుని చల్లనీళ్ళ వాల్వు చక్రం పట్టుకున్నాడు. అది బిగుసుకుపోయి ఉంది. ఒంటి బరువంతా వేసి తిప్పాడు. పైన మూత అంచులోంచి ఆవిరి చిమ్మి ఆయన ఎడమ చేతి మీద పడింది. ఆ చెయ్యి తీయకుండానే చక్రం మొత్తం తిప్పేశాడు.

నేను ఏం చేశానంటే, పరుగెత్తాను. అందరితో పాటు గేటు బయటికి పరుగెత్తాను. నుదుట బొట్లు, చేతుల్లో కొబ్బరి ముక్కలతో నలభైమందిమి రోడ్డు మీద నిలబడి షెడ్డు కప్పు వైపు చూశాం. పది నిమిషాలో, పావుగంటో. ముల్లు దిగుతోందని ఆపరేటర్ వచ్చి చెప్పాడు. మరి కాసేపు ఎవరూ చూడకపోయి ఉంటే ఆ షెడ్డు మా మీద కూలేది.

చేతికి కట్టు కట్టించి సేటును మేనేజర్ గదిలో కూర్చోబెట్టారు. నన్నూ పిలిచారు. ఏం చెప్పాలో నేను కూడబలుక్కుంటున్నాను. అప్పటికి మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడి నాలుగు నెలలు. ఇంట్లో నా జీతమొక్కటే. ఆ సంగతి సేటుకు తెలుసు.

"వైరు ఎట్ల ఊడింది?" అన్నాడు మేనేజర్. "హారన్ ఎందుకు మోగలే?"

"నేనే పీకిన సార్" అన్నాడు సేటు. "పాత అలవాటు. పంతులు మంత్రాలు సదువుతుండె, నడుమ గోలెందుకని హారన్ బంద్ వెట్టి, అన్ని వైర్లు పీకి సూసిన. నాలుగోది మల్ల వెట్టుడు మర్షిన."

సేటు నా వైపు చూడను కూడా లేదు. మేనేజర్ తల పట్టుకున్నాడు. "ఈ వయసుల మీకెందుకు సేటు గివన్ని? నలభైమంది పానాలు!" అన్నాడు. ఆ వారంలోనే సెక్యూరిటీ గదిలో ఆయన ఫొటో అతికించారు, లోపలికి రానివ్వొద్దని. ముప్పై ఏళ్ళు ఆ గదిలోని మనిషికి పొద్దున్నే నమస్తే పెట్టి వెళ్ళినవాడు.

ఆ సాయంత్రం గేటు బయట ఛాయ్ బండి దగ్గర పట్టుకున్నాను ఆయన్ని. మధ్యాహ్నమే స్క్రిప్టు సరిచేశాను, గీతలు వస్తే హారన్ కొట్టమని మాటల్లో స్పష్టంగా రాశాను. అది చెప్పాను. రేపు మేనేజర్ దగ్గరికి పోయి నిజం చెబుతానని కూడా చెప్పాను.

"చెప్పి ఏం చేస్తవు? నీ నౌకరి వోతది. నాకైతే వోయేటందుకు నౌకరే లేదు."

"తప్పు నాది సార్."

"సగం నాది." కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పాడు. "గీతలస్తే హారన్ మోగాలని నేను రాయలే బిడ్డా. ఒకనాడు వైరు తెగింది, దానంతటదే మోగింది. ఎందుకు మోగిందా అని పుస్తకం తిరగేస్తే తెల్సింది. మంచిగైంది కదా అని ఊకున్న. సాఫ్‌గా రాసి పెట్టాల్సింది, ఇది ఇందుకు అని. చెయ్యి పెట్టొద్దు అని రాసిన. గదేం రాత? సంటిపిల్లలకు చెప్పినట్టు. నువ్వు ఇంజనీర్‌వి. ఎందుకో చెప్తే ఇనకపోదువా?"

నేను ఏడ్చాను. ఛాయ్ బండి ఆయన అటు తిరిగాడు.

"ఇంట్ల ఏం చెప్తరు సార్?"

"గదే చెప్త. రెండు తీర్ల చెప్తే ఎక్కడనో నోరు జారుత."

మర్నాడు నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. అయిదు నెలలకు మా ఆయనకు రుద్రారం దగ్గర ఉద్యోగం దొరికింది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఏడాది దాటాక ఇప్పుడెందుకులే అనిపించింది. రెండేళ్ళు దాటాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం. పండగలకు ఫోన్ చేసేదాన్ని. ఇంట్లో ఆవిడ ఎత్తి ఆయనకు ఇచ్చేది. వైర్లు పీకి చూస్తున్నారా అని అడిగేవాడు. రోజూ నేనే పీకుతున్నానని చెప్పేదాన్ని. అది నిజం. ఇంకో నిజం గురించి ఆయన ఎన్నడూ అడగలేదు, ఆ అడగకపోవడాన్ని నేను మూడేళ్ళు వాడుకున్నాను. పిరికిదాన్ని. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

పటాన్‌చెరులో బస్సు ఆపించి దిగిపోయాను. సంగారెడ్డి బస్సెక్కి, ఇస్నాపూర్ వచ్చేలోగా గ్రూపులో రాశాను. వైరు సేటు పీకలేదు, దానంతటదే ఊడింది. హారన్ ఆయన ఆపలేదు, నేను వర్షన్ మార్చినప్పుడు చేసిన తప్పు వల్ల మోగలేదు. నలభైమందిని కాపాడినందుకు ఆయన ఫొటో సెక్యూరిటీ గదిలో పెట్టుకున్నాం. ఇదంతా మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇస్తాను. పంపి, ఫోన్ ఆపేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ గంట నాకు పట్టలేదు.

పాత గంజ్ వెనక సందులో ఇల్లు. బయట టెంటు వేశారు, కుర్చీల్లో గంజ్ మనుషులు. ఆయన కొడుకు ఎవరితోనో అంటున్నాడు, "పూజ కాడ గట్లైనంక నాయిన బజార్ల మొకం ఎత్తుకోని తిరగలే." ఫ్యాక్టరీ నుంచి ఒక్కరూ రాలేదు. ముందుగదిలో సేటును పడుకోబెట్టారు. ఎడమ చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, తెల్లగా ముడతపడ్డ చర్మం.

ఆయన భార్య వంటింటి గడపలో కూర్చుని ఉంది. నేను పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "ఫోన్ చేసే పిల్లవు గద" అంది. ఆమె ముందు కింద కూర్చుని అంతా చెప్పాను. పైథాన్ అనీ వర్షన్ అనీ అనలేదు. ఆయన రాసి పెట్టినదాన్ని నేను తెలియక చెడగొట్టాను, వైరు ఆయన పీకలేదు, నా ఉద్యోగం పోతుందని ఆ తప్పు తన మీద వేసుకున్నాడు అని చెప్పాను.

ఆమె వింటూ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఏడవలేదు.

"మూడేండ్లు ఆయనను అన్న బిడ్డా" అంది చివరికి. "ఆడికి వోయి వైర్లు పీకనీకె నీకేం పనిబడ్డదని అన్న. అన్నం వెట్టుకుంట అన్న, చేతికి మందు రాసుకుంట అన్న. మంది పానాలు తీస్తుంటివని గూడ అన్న. ఒక్కనాడు తిరిగి మాటనలే." కొంగు వదిలి నా వైపు తిరిగింది. "పండుగకు పండుగకు ఫోన్ చేస్తివి. నేనే ఎత్తితి. నాకన్న ఒక్కమాట చెప్పకపోతివా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గోడ పట్టుకుని లేచి, ముందుగదిలోకి వెళ్ళి, ఆయన తల దగ్గర కూర్చుంది. మెడలోని దండను కొంచెం కిందికి జరిపి, చెవి దగ్గరికి వంగింది.

"ఇగో, నువ్వు పీకలేదంట గదా" అంది. "ఇప్పుడే చెప్పింది ఆ పిల్ల. ఇన్నొద్దులు ఊకెనే తిట్టిచ్చుకుంటివి గదయ్యా నాతోని."